కొత్త ఫోను తొలి సేల్: అమ్మకాల లెక్క పక్కనపెట్టి అప్‌డేట్ల గడువు చూసి కొనడం ఎలా

దసరాకీ సంక్రాంతికీ రాజమండ్రి, కాకినాడ, భీమవరం మొబైల్ షాపుల ముందు కొత్త ఫోన్ల ఫ్లెక్సీలు లేస్తాయి. తొలి సేల్‌లోనే స్టాకు ఖాళీ అయిందన్న మాట వాటి మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ నెల దాకా వస్తాయన్నది మాత్రం ఎక్కడా కనబడదు. డబ్బు పెట్టేవాళ్లకు కావలసింది ఆ రెండో సంగతే. యూపీఐ, బ్యాంకు యాప్, ఆధార్, రొయ్యల కౌంటు రేట్లు, గల్ఫ్‌లో ఉన్న పిల్లలతో వీడియో కాల్, అన్నీ ఆ ఒక్క ఫోనులోనే నడుస్తున్నప్పుడు దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరు ఎన్నాళ్లు చూసుకుంటారో తెలియకుండా కొనకూడదు.

ముందు అమ్మకాల మాట చూద్దాం. 'స్టాకు ఖాళీ' అన్నప్పుడు ఎన్ని పీసులు అమ్మకానికి పెట్టారని అడగాలి. వెయ్యి పెట్టినా ఖాళీయే, లక్ష పెట్టినా ఖాళీయే. 'ఇన్ని లక్షల షిప్‌మెంట్' అన్నది కంపెనీ నుంచి డీలర్లకు వెళ్లిన సరుకు లెక్క. అందులో కొంత ఇంకా షాపు అరల్లోనే ఉండొచ్చు. ప్రీ బుకింగుల్లో వెనక్కి తీసుకునేవీ ఉంటాయి. జనం చేతికి చేరి, సిమ్ వేసి ఆన్ చేసిన ఫోన్ల లెక్క వేరు. దాన్ని తొలి వారంలో చెప్పే కంపెనీలు తక్కువ.

అమ్మకాలు బొత్తిగా పనికిరాని సమాచారమని కాదు. పాలకొల్లులోనో రావులపాలెంలోనో డిస్‌ప్లే కాంబో (టచ్‌తో కలిసిన స్క్రీన్) అదే రోజు దొరకాలన్నా, సరైన పౌచ్, టెంపర్డ్ గ్లాస్ దొరకాలన్నా ఆ మోడల్ మన చుట్టుపక్కల బాగా తిరుగుతుండాలి. ఆ సంగతి తొలి సేల్ నాడు తేలదు. లాంచ్ అయిన రెండు మూడు నెలలకు మీ ఊరి రిపేరు షాపులో 'ఈ మోడల్ కాంబో ఉందా, ఎంత?' అని అడిగితే వచ్చే జవాబే అసలు లెక్క.

అమ్మకాలు జోరుగా ఉంటే అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయనుకోవడం పొరపాటు. 2012 ఏప్రిల్‌లో నోకియా లూమియా 900 అమెరికాలో భారీ ప్రచారంతో వచ్చింది. జూన్ 20న మైక్రోసాఫ్ట్, ఆ ఫోనులో నడిచే సిస్టమ్‌కు కొత్త వెర్షన్ అయిన విండోస్ ఫోన్ 8 ప్రకటించి, అప్పటికే అమ్మిన ఫోన్లకు అది రాదని చెప్పేసింది. సిస్టమ్ పునాది అయిన కెర్నల్‌నే మార్చేశారు, పాత హార్డ్‌వేర్‌కు దాన్ని ఇవ్వలేదు. వాటికి చివరికి దక్కింది విండోస్ ఫోన్ 7.8 మాత్రమే.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2022 అక్టోబర్ 1న 5జీ మొదలయ్యే నాటికి చాలామంది చేతిలో 5జీ ఫోన్లున్నాయి, సిగ్నల్ మాత్రం పట్టలేదు. చిప్‌లో 5జీ ఉన్నా ఇక్కడి నెట్‌వర్కులకు దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ రాలేదు. ఐఫోన్లకు డిసెంబర్‌లో, ఐఓఎస్ 16.2తో గానీ అది అందలేదు. అందుకే 'త్వరలో అప్‌డేట్ ద్వారా ఇస్తాం' అని రాసి ఉన్న ఫీచర్‌కు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఈ రోజు ఏది పనిచేస్తుందో దానికే ధర కట్టండి.

గడువు ఎలా పట్టుకోవాలి

కంపెనీ చెప్పే మాటలో మూడు వేరువేరు లెక్కలు కలిసిపోయి ఉంటాయి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే చిన్న అప్‌డేట్లు) ఎన్నేళ్లు, ఆ ప్యాచ్‌లు నెలకోసారా మూడు నెలలకోసారా. షాపులో 'నాలుగేళ్ల అప్‌డేట్లు' అంటే ఈ మూడింటిలో దేని గురించి చెబుతున్నారో విడదీసి అడగండి. మూడింటిలో అన్నిటికంటే ముఖ్యమైనది సెక్యూరిటీ గడువు.

ఈ గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. చాలామంది నష్టపోయేది ఇక్కడే. 24,000 రూపాయల ఫోనుకు నాలుగేళ్ల సెక్యూరిటీ ఉందనుకోండి. లాంచ్ రోజున కొంటే 48 నెలలు, నెలకు 500 పడుతుంది. అదే ఫోను ఏడాది తర్వాత ఆఫర్‌లో 20,000కు వస్తే మిగిలింది 36 నెలలే, నెలకు 555 పైనే. ధర తగ్గింది గానీ ఫోను ఖరీదైంది. ఏ ఫోనుకైనా ధరను మిగిలిన నెలలతో భాగించి చూడండి. 24 నెలల ఈఎంఐ మీద కొనేవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి: చివరి వాయిదా కట్టే నాటికి ఫోనుకు కనీసం ఏడాది సెక్యూరిటీ మిగిలి ఉండాలి.

పోల్చుకోవడానికి కొన్ని గుర్తుపెట్టుకోండి. గూగుల్ 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తోంది. శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు, అదే ఏడాది తక్కువ ధరలో వచ్చిన ఏ16 5జీకి ఆరేళ్లు ప్రకటించింది. కాబట్టి తక్కువ ధర ఫోనుకు రెండేళ్లు చాలన్న మాటను ఇక ఒప్పుకోనక్కర్లేదు.

కంపెనీ భారత వెబ్‌సైటులో గడువు దొరక్కపోతే అదే కంపెనీ బ్రిటన్ సైటు చూడండి. అక్కడ 2024 ఏప్రిల్ 29 నుంచి కనీస సెక్యూరిటీ గడువును ప్రకటించడం చట్టప్రకారం తప్పనిసరి. ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అంతకంటే గట్టి నియమం వచ్చింది: ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. ఇవి మన దేశానికి వర్తించవు. అయితే అక్కడ ఐదేళ్లు ఇస్తూ ఇక్కడ అదే మోడల్ గురించి నోరు మెదపని కంపెనీని ఎంత నమ్మాలో తేల్చుకోవచ్చు. మోడల్ నంబరు అక్షరంతో సహా కలిసిందో లేదో చూడండి. పేరు ఒకటే ఉన్నా లోపలి ఫోను వేరు కావచ్చు.

సెక్యూరిటీ ప్యాచ్ ఎందుకంత ముఖ్యమంటే, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.5లో ఉన్న లోపమది. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. గడువు దాటిన ఫోనులో ఇలాంటిది బయటపడితే సరిచేసే నాథుడు ఉండడు.

షాపులో, ఇంటికొచ్చాక

డెమో పీసు చేతికి తీసుకుని సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరవండి. ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. కొత్తగా వచ్చిన ఫోనులో ప్యాచ్ నాలుగైదు నెలల పాతదైతే ముందుముందు కూడా ఆలస్యమే అనుకోవచ్చు. బ్యాండ్లు, అంటే ఫోను పట్టుకోగల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు అడగండి: లంకల్లో, కొబ్బరి తోటల మధ్య ఇళ్లలో సిగ్నల్ లోపలికి రావాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. జియో 5జీకి ఎన్28, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి బ్యాండ్ 28 ఉండాలి.

సీలు తీశాక *#06# కొట్టి వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు), పెట్టె మీదిదీ బిల్లు మీదిదీ ఒకటేనా చూడండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపితే ఫోను వివరాలు వస్తాయి. సిమ్ వేసి మీ ఇంట్లోనే కాల్ చేసి చూడండి. కాల్ నడుస్తుండగా 4జీ గుర్తు పోయి 3జీకో 2జీకో పడిపోతే వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే ఏర్పాటు) పనిచేయడం లేదని అర్థం. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' కింద ఫోను సర్టిఫైడ్ అని ఉండాలి. లేకపోతే బ్యాంకు యాప్‌లు మొండికేస్తాయి. ఈ పరీక్షలన్నీ రీప్లేస్‌మెంట్ గడువు లోపల చేసేయాలి.

మొదటి అప్‌డేట్ పెద్దది ఉంటుంది. వైఫై మీద, చార్జింగ్ సగానికి పైగా ఉన్నప్పుడు, ముందుగా ఫొటోలు బ్యాకప్ తీసి వేయండి. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వచ్చిన రోజే వేయకుండా వారం ఆగితే మంచిది. సెక్యూరిటీ ప్యాచ్ మాత్రం ఆపవద్దు.

గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్ల సంగతి వేరే చెప్పాలి. కోనసీమలోనూ నరసాపురం వైపూ ఇవి చాలా ఇళ్లలో ఉంటాయి. చాలా ఆండ్రాయిడ్ కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. సాఫ్ట్‌వేర్ కూడా ఆ ప్రాంతానిదే కావడంతో ఇక్కడి నెట్‌వర్కుల్లో వోల్టీ, 5జీ తెరుచుకోకపోవచ్చు. శామ్‌సంగ్ అయితే 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్'లో ప్రాంతం కోడ్ కనిపిస్తుంది: ఐఎన్‌ఎస్ అంటే భారత్, ఎక్స్‌ఎస్‌జీ అంటే ఎమిరేట్స్, కేఎస్‌ఏ అంటే సౌదీ. పంపేవాళ్లు కొనకముందే మోడల్ నంబరు ఫొటో తీసి పంపమని చెప్పి, బ్యాండ్లు ఇక్కడ సరిచూడండి.

ఇస్తామన్న అప్‌డేట్ ఇవ్వకపోతే

కొనే రోజునే కంపెనీ పేజీలో గడువు రాసిన చోటు తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, జీఎస్‌టీ బిల్లుతో కలిపి దాచండి. తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు. మాట తప్పితే ముందు కంపెనీకి ఈమెయిల్ పెట్టి టికెట్ నంబరు తీసుకోండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఫిర్యాదులో 'ఫోను బాగాలేదు' అని రాస్తే నిలవదు. ఫలానా తేదీన ఫలానా అప్‌డేట్ ఇస్తామని రాశారు, ఈ తేదీ దాకా ఇవ్వలేదు అని స్క్రీన్‌షాట్, ప్యాచ్ తేదీ ఫొటో పక్కపక్కన పెట్టండి.