నీడబొమ్మలో మరకలు, అంచులో తెలుపు: ఎందుకొస్తాయి, ఎలా పోతాయి

ఫొటోలోని మనిషిని నీడబొమ్మగా, అంటే సిల్హౌట్‌గా మార్చడం చెప్పుకోవడానికి చాలా తేలిక. ఆకారాన్ని కత్తిరించి నలుపు పోస్తే చాలు. అయినా ఈ పని చెడగొట్టుకుని నా దగ్గరకు తెచ్చేవాళ్లకు కొదవ లేదు. చెడగొట్టే తీరులు మాత్రం అవే నాలుగైదు. లేయర్ అంటే ఏమిటో, సెలక్షన్ ఎలా చేయాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేను వాడేది గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్. ఫొటోషాప్ వాడేవాళ్లకు మెనూల పేర్లు కాస్త మారతాయి, జబ్బులు మారవు.

త్రెషోల్డ్ వేస్తే మనిషిలో చిల్లులు పడ్డాయి, గోడ నల్లబడింది

త్రెషోల్డ్‌కు మనిషెవరో గోడేదో తెలియదు. దానికి తెలిసిందల్లా వెలుగు. 0 నుంచి 255 దాకా ఉన్న కొలతలో మీరు ఒక గీత గీస్తే, దానికి దిగువనున్నదంతా నలుపు, ఎగువనున్నదంతా తెలుపు. తెల్ల పంచె కట్టుకున్న తాతగారి ఫొటోకు త్రెషోల్డ్ వేసి చూడండి. తలా చేతులూ మిగులుతాయి, పంచె గాలిలో కలిసిపోతుంది. స్లైడర్ గడి అటూ ఇటూ జరిపి గంటసేపు కూర్చున్నా ఫలితం ఉండదు.

సూర్యుడు వెనకనుండగా సముద్రం ఒడ్డున తీసిన ఫొటో లాంటిదైతే, మనిషి అప్పటికే చీకట్లో ఉంటాడు కాబట్టి త్రెషోల్డ్ పనికొస్తుంది. మిగతా ఫొటోలన్నిటికీ సెలక్షన్ చేసి నలుపు నింపడమే దారి. అడ్డదారి లేదు.

నలుపు బాగానే వచ్చింది, కానీ మనిషో మూటో తెలియడం లేదు

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఫొటో ఎంచుకున్నవాళ్ల తప్పు. నీడబొమ్మలో మిగిలేది బయటి అంచు ఒక్కటే. ఛాతీకి ఎదురుగా పట్టిన ముద్ర, ఎదురుగా చూస్తున్న ముఖం, జోడించిన చేతులు, అన్నీ ఒకే నలుపులో మునిగిపోతాయి. కూచిపూడి నర్తకి ఫొటోలు రెండు తీసుకోండి. ఒకదానిలో ఎదురుగా నిలబడి నమస్కరిస్తోంది. రెండోదానిలో తలపై చెంబుతో, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి చేతులు పక్కలకు చాచింది. మొదటిది మూట, రెండోది బొమ్మ. పని మొదలుపెట్టే ముందు కళ్లు సగం మూసి ఫొటో చూడమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఐదు సెకన్ల పని అది, ఒక్కరూ చేయరు.

ఉన్నది ఆ ఒక్క ఫొటోనే అయితే చేతికీ నడుముకూ మధ్య సందు, జడకూ వీపుకూ మధ్య సందు, కాళ్ల మధ్య ఖాళీ వెతికి శుభ్రంగా తొలగించండి. ఆకారం తెలిసేది ఆ సందుల్లోనే. అవి పూడిపోతే ముక్కు ఎంత చక్కగా కత్తిరించినా దండగ.

అంచు చుట్టూ తెల్లని గీత

సెలక్షన్ అంచున ఉన్న పిక్సెళ్లు పూర్తిగా లోపలా ఉండవు, పూర్తిగా బయటా ఉండవు. సగమే ఎంపికైన పిక్సెల్‌లో మీరు నలుపు పోస్తే సగం నలుపు పడుతుంది, మిగతా సగం వెనకున్న గోడ రంగు అలాగే నిలుస్తుంది. ఆ గోడే మీకు తెల్ల గీతగా కనిపిస్తోంది. సెలక్షన్ అంచును మసకబార్చే ఫెదర్ ఎక్కువ పెడితే గీత ఇంకా లావవుతుంది.

ముందు మనిషిని కత్తిరించి విడి లేయర్‌లో పెట్టండి. ఆ లేయర్‌కు లాక్ ఆల్ఫా ఛానెల్ (ఖాళీగా ఉన్నచోట రంగు పడకుండా ఆపే తాళం) వేసి, సెలక్షన్ ఏదీ లేకుండా లేయర్ మొత్తం నలుపుతో నింపండి. అంచు పిక్సెళ్లు కూడా నల్లబడతాయి, నునుపు చెడదు. ఇంతే. సెలక్షన్‌ను ఒక పిక్సెల్ కుదించడమనే చిట్కా కూడా చెబుతుంటారు, కానీ దానితో వేళ్లు సన్నబడతాయి.

తెర మీద బొమ్మ బాగుంది, అచ్చులో మరకలూ చుక్కలూ

నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన జబ్బు ఇది. అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను.

ఒక నృత్య పాఠశాల వార్షికోత్సవానికి ఫ్లెక్సీ చేశాను. పసుపు నేపథ్యం మీద నర్తకి నీడబొమ్మ. అసలు ఫొటోలో ఆ అమ్మాయి మీగడ రంగు దుస్తుల్లో ఉంది, వెనక గోడదీ దాదాపు అదే రంగు. నేపథ్యాన్ని తానే తొలగించే పరికరంతో కత్తిరించి, పైన చెప్పినట్టే ఆల్ఫాకు తాళం వేసి నలుపు పోశాను. నా ల్యాప్‌టాప్‌లో బొమ్మ కాటుకలా ఉంది. పసుపు మీద బొమ్మ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాలని అచ్చువేసే అబ్బాయి చుట్టూ సన్నని ఎర్ర గీత కూడా వేశాడు. ఫ్లెక్సీ కట్టాక చూస్తే నడుము దగ్గర గోధుమరంగు మరక, చుట్టూరా ఆటలమ్మ పోసినట్టు ఎర్రటి సున్నాలు. షాపులో అరగంట వాదించాను. ఇంటికొచ్చి ఫైలు తెరిచాక తెలిసింది, తప్పంతా నాదేనని.

జరిగింది ఇది. ప్రతి పిక్సెల్‌కూ రంగుతో పాటు ఆల్ఫా అనే ఇంకో అంకె ఉంటుంది. 255 అయితే పూర్తిగా కనిపిస్తుంది, 0 అయితే అసలు కనిపించదు. కత్తిరించే పరికరానికి ఇది మనిషా గోడా అన్న అనుమానం వచ్చినచోట అది తేల్చి చెప్పదు, మధ్యలో ఏదో అంకె వేసి తప్పుకుంటుంది. నడుము దగ్గర 215 వేసిందనుకోండి, అక్కడి నలుపులోంచి వెనక రంగు ఆరోవంతు దాకా తొంగిచూస్తుంది. గోడ మీద అక్కడక్కడ 10 వేసిందనుకోండి, అది నాలుగు శాతం నలుపు. తెల్లని తెర మీద దాన్ని ఎవరి కన్నూ పట్టుకోలేదు. కానీ చుట్టూ గీత వేయమంటే సాఫ్ట్‌వేర్ ఆ చుక్కలను కూడా బొమ్మలో భాగమనే లెక్కవేసి గీస్తుంది.

ఇక్కడే ఇంకో తిరకాసుంది. ఆల్ఫాకు తాళం వేసి నలుపు పోస్తే రంగు మారుతుందే గానీ ఆల్ఫా అంకె మారదు. తాళం పనే అది. తెల్ల అంచుకు మందైనదే ఈ మరకను భద్రంగా కాపాడుతుంది.

మామూలు తనిఖీలకు ఇది దొరకదు కూడా. ఆల్ఫాను సెలక్షన్‌గా మారిస్తే కనిపించే చీమల బారు, అంటే కదిలే చుక్కల గీత, సగం ఎంపికైన చోటును హద్దుగా తీసుకుని నడుస్తుంది. 10 ఉన్న చుక్కల చుట్టూ చీమలు రావు. 215 ఉన్న మరక చుట్టూ కూడా రావు, ఎందుకంటే అది సగం దాటింది. కలర్ పికర్‌తో నడుము మీద నొక్కితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సున్నాలే చూపిస్తుంది. నలుపే కదా అని మూసేస్తాం. పక్కనే ఆల్ఫా అని ఇంకో వరుస ఉంటుంది. దాన్ని చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు. నేనూ చదవలేదు.

పట్టుకునే పద్ధతి ఇదీ. లేయర్‌కు మాస్క్ (ఏ చోటు కనిపించాలో తెలుపుతో, ఏది దాగాలో నలుపుతో చెప్పే పొర) చేర్చేటప్పుడు, లేయర్ ఆల్ఫాను మాస్క్‌లోకి బదిలీ చేసే ఎంపిక ఇవ్వండి. ఇప్పుడు ఆల్ఫా అంతా మాస్క్‌లో ఉంది కాబట్టి లేయర్‌ను నిస్సంకోచంగా పూర్తిగా నలుపుతో నింపవచ్చు. తరువాత మాస్క్‌నే తెర మీదకు తెచ్చి త్రెషోల్డ్ తెరవండి. మొదట తిట్టిన త్రెషోల్డే ఇక్కడ అక్కరకొస్తుంది. గీతను 250కి జరిపితే శరీరంలోని మరకలు నల్లగా బయటపడతాయి. అంచు వెంట సన్నని నల్లగీత కూడా వస్తుంది, దాన్ని పట్టించుకోకండి. 5కి జరిపితే గోడ మీది దుమ్మంతా తెల్లటి చుక్కలుగా తేలుతుంది. చూశాక రద్దు చేయండి, ఓకే నొక్కకండి.

ఫొటోషాప్‌లో అయితే లేయర్ చిన్నబొమ్మ మీద కంట్రోల్ పట్టుకుని నొక్కి, ఆ సెలక్షన్‌తోనే నల్లని సాలిడ్ కలర్ లేయర్ వేయండి. మాస్క్ దానితోపాటే వస్తుంది. పాత లేయర్‌ను దాచేయడం మరవకండి.

అంత ఓపిక లేదంటే నీడబొమ్మ లేయర్ కింద కళ్లు జిగేలుమనే పసుపు లేయర్ పెట్టి, నీడబొమ్మకు ఐదు నకళ్లు తీయండి. ఆరు లేయర్లూ ఒకదానిమీద ఒకటి పడి నాలుగు శాతం చుక్క ఇరవై శాతం దాటుతుంది, కంటికి ఆనుతుంది. దుమ్ముకు ఇది సరిపోతుంది. శరీరంలోని మరకలకు పనికిరాదు, నకళ్లు వాటిని కప్పేస్తాయి.

సరిచేయడం పట్టుకున్నంత కష్టం కాదు. మాస్క్ మీద లెవెల్స్ తెరిచి, ఎడమ గడిని 30కి, కుడి గడిని 200కి జరపండి. 30 లోపువన్నీ సున్నాకు, 200 దాటినవన్నీ 255కు వెళ్తాయి. మధ్యలో ఉన్న అంచు పిక్సెళ్లు నునుపును నిలబెడతాయి. ఎగిరే ముంగురులు కొన్ని పోవచ్చు, పోనివ్వండి. అప్పటికీ లోపల మరక మిగిలితే గట్టి అంచున్న బ్రష్‌తో మాస్క్ మీద తెలుపు పూయండి. బయట మిగిలితే నలుపు పూయండి. గింప్‌లో త్రెషోల్డ్ ఆల్ఫా అని సిద్ధంగా ఒక మీట ఉంది కదా అంటారు. ఉంది. అది దుమ్ముతోపాటు అంచు నునుపును కూడా ఊడ్చేసి మెట్లు మెట్లుగా మిగులుస్తుంది.

అంచు మెట్లు మెట్లుగా ఉంది

త్రెషోల్డ్ ఆల్ఫా నొక్కకుండానే మెట్లు వచ్చాయంటే చిన్న ఫొటోను సాగదీశారు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. అసలు ఫొటో లేదంటే పాత్ టూల్‌తో చుట్టూ చేత్తో గీసుకోవడమే. నీడబొమ్మ కాబట్టి లోపలి వివరాల బెడద లేదు, బయటి గీత ఒక్కటే గీయాలి.

అరుదుగా వచ్చేవి

నలుపు ఎంచుకుని పోస్తే వేరే రంగు పడుతోందంటే ఫైలు ఇండెక్స్‌డ్ మోడ్‌లో, అంటే కొన్ని రంగులకే పరిమితమైన పద్ధతిలో ఉంది. గిఫ్ ఫైళ్లతో వస్తుంది ఇది. ఆర్‌జీబీకి మార్చండి. డిలీట్ నొక్కితే ఖాళీకి బదులు తెలుపు వస్తోందంటే లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ లేదు, చేర్చండి. అంతా సరిగ్గా చేసి జేపెగ్‌గా దాచి, పారదర్శకత పోయిందని వచ్చేవాళ్లూ ఉన్నారు. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, పీఎన్‌జీగా దాచండి. అచ్చులో నలుపు వెలసినట్టుందంటే ఒక్క నలుపు సిరాతోనే వేసి ఉంటారు. నాలుగు సిరాలూ కలిపి వేయమని షాపులో చెప్పండి, ఎంతెంత కలపాలో వాళ్ల మెషీన్‌ను బట్టి వాళ్లే చూసుకుంటారు.