ఉగ్గాని వేళ, బొమ్మల వేళ: అనంతపురం నుంచి లేపాక్షికి

అనంతపురం ప్రాంతంలో బొమ్మలు చూస్తూ, అక్కడి తిండి రుచి చూస్తూ రెండు రోజులు తిరగదలచినవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఈ రెండింటికీ వేళ ఉంటుందని. పొద్దెక్కితే ఇక్కడి బొరుగుల ఫలహారమైన ఉగ్గాని వేడిగా దొరకడం కష్టం. నడినెత్తి ఎండలో గోడ మీది రంగు వెలిసినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఉదయం ఏడింటికే క్లాక్ టవర్ దగ్గర నడక మొదలుపెట్టాలి. కార్యాలయాల ప్రహరీల మీద వేయించే బొమ్మలలో చాలావరకు నినాదాలే కనిపిస్తాయి గనుక, వాటికంటే పాత అంగళ్ల మీద కుంచెతో రాసిన బోర్డులను నిదానంగా చూడమని నా సలహా. ఆపైన నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లిన ఉగ్గానిని మిరపకాయ బజ్జీతో తినాలి. బజ్జీ లేని ఉగ్గాని సగం ఉగ్గానే.

తరువాత రైలులోగానీ బస్సులోగానీ ధర్మవరం చేరి, ఆ మండలంలోని నిమ్మలకుంటకు వెళ్లాలి. 2022లో జిల్లాల విభజనతో ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా తిండి మాత్రం మారలేదు. మేకతోలును పలుచగా చేసి, రంధ్రాలు కొట్టి, రంగులద్దే తోలుబొమ్మల కళాకారుల ఊరిది. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. తోలుబొమ్మను బల్ల మీద ఉంచి చూస్తే ఏమీ తెలియదు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూపమని అడగండి, నగల చోట కొట్టిన రంధ్రాలన్నీ అప్పుడు మెరుస్తాయి. బేరం మాత్రం చూసి ఆడండి, ఒక్కొక్క రంధ్రమూ చేతితో కొట్టినదే. మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగల) ఊరుబిండి అనే పచ్చడి దొరికితే మరొకటి వెతకనక్కరలేదు.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షికి మరునాడు పొద్దున్నే వెళ్లడం మేలు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెనుదిరుగుతారు. అసలు సంపద తలల మీద, నాట్యమండపం పైకప్పులో ఉంది. కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడేదాకా కొంతసేపు ఊరికే నిలబడి, ఆపైన నల్లని గీతలతో గీసిన పార్వతీ కల్యాణాన్ని, కిరాతార్జునీయాన్ని, పురుషుల పొడవైన కుళ్లాయిలను, స్త్రీల కొప్పులను, చీరల అంచులను ఒక్కొక్కటిగా చూడాలి. మెడ నొప్పి తప్పదు; చిన్న అద్దాన్ని అరచేతిలో ఉంచుకుంటే కొంత తగ్గుతుంది. ఫ్లాష్ వాడవద్దు.

బయటికి వచ్చేటప్పుడు ఆవరణలోని రాతినేలను గమనించండి. కూరలకు వేరువేరు గుంటలతో చెక్కిన కంచాల వంటివి అక్కడ ఉన్నాయి. శిల్పులు వాటిలోనే భోజనం చేసేవారని కొందరు, రంగులు కలుపుకొనేవారని మరికొందరు చెబుతారు.