దవడ శస్త్రచికిత్సకు కంప్యూటర్ ప్రణాళిక – నాలుగో పాఠం: పై దవడను కదపడం

గత పాఠంలో పుర్రె నమూనా సిద్ధం చేశాం. సీటీ స్కాన్‌లో లోహపు క్లిప్పుల వల్ల చెదిరిన పళ్లను తీసేసి, నోటి స్కానర్ ఇచ్చిన పళ్లను అక్కడ అమర్చాం. తలను సహజ స్థితిలో నిలిపాం. ఈ చివరి పనిని రోగి ఫొటోతో మరోసారి సరిచూశాకే ముందుకు రండి. తల రెండు డిగ్రీలు పక్కకు ఒరిగితే, లేని వంకరను మనమే తెచ్చిపెట్టి మనమే సరిచేస్తాం.

పై దవడను పుర్రె నుంచి అడ్డంగా విడదీసే లెఫోర్ట్ ఒకటి కోతను పళ్ల వేళ్ల కొసలకు కనీసం 5 మిల్లీమీటర్లు పైన గీయండి. కోరపన్ను వేరు అన్నిటికన్నా పొడవు కాబట్టి కొలత అక్కడినుంచే తీసుకోవాలి.

ఎముక విడివడగానే మౌస్‌తో లాగాలనిపిస్తుంది. ఆగి, అది ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో చూడండి. బందులు ఎక్కడ బిగించామన్నదాన్ని బట్టే కదా తలుపు తిరిగేది! ఆ బిందువు ఎముక ముక్క నడిమధ్యన, అంటే ముందు పళ్లకు 25 మిల్లీమీటర్లు వెనక ఉందనుకుందాం. పళ్ల వరుస ముందు వెనకల వాలును 4 డిగ్రీలు మారిస్తే ముందు పంటి అంచు దాదాపు 1.7 మిల్లీమీటర్లు కిందికో పైకో జరుగుతుంది. పెదవులు వదులుగా ఉన్నప్పుడు పై పన్ను కనబడాల్సిందే 2 నుంచి 4 మిల్లీమీటర్లు! అందుకే తిరుగు బిందువును పై ముందు పళ్ల మధ్య అంచుకు మార్చండి. పన్ను ఎంత కనబడుతోందన్న కొలతను మాత్రం ఎదురుగా కూర్చున్న రోగి దగ్గరే తీసుకోండి. స్కాన్ సమయంలో పెదవులు బిగిసి ఉండవచ్చు.

ఇక కదలికలు. ముందు పంటి అంచును ఎత్తులోనూ మధ్యరేఖలోనూ స్థిరపరచండి. తర్వాత కుడి, ఎడమ కోరపళ్ల ఎత్తులు పోల్చి పక్క వాలు తీయండి. ఆపైన నమూనాను తిప్పి కింది నుంచి చూడండి. ఇది ఎవరూ దాటవేయకూడని మెట్టు. ముందు పళ్లు సరిగ్గా మధ్యలోనే ఉన్నా, అంగిలి నడిమి గీత వెనక్కి వెళ్లేకొద్దీ ఒక పక్కకు తిరిగి ఉండవచ్చు. పక్క ఎక్స్‌రే మీద కాగితం పెట్టి గీసిన రోజుల్లో ఈ మెలిక కనబడే దారే లేదు. నా దృష్టిలో కంప్యూటర్ మనకిచ్చిన అతిపెద్ద మేలు ఇదే. దీన్ని వదిలేస్తే కింది దవడ కూడా ఆ మెలికకే అమరి, ఒక పక్క దవడ మూల బయటికి పొడుచుకొస్తుంది.

ముందు వెనకల వాలు చివరిది. వెనక భాగం పైకి వెళితే అక్కడ ఎముక తొలగించాలి. కిందికి దిగితే ఖాళీ మిగులుతుంది, స్థిరత్వం తగ్గుతుంది.

అభ్యాసం: ఒకే కేసును రెండు ఫైళ్లుగా దాచుకోండి. ఒకదానిలో ఎముక మధ్య నుంచి, రెండోదానిలో పంటి అంచు నుంచి 4 డిగ్రీలు తిప్పి, ముందు పన్ను, చివరి దవడ పన్ను ఎంతెంత కదిలాయో రాసుకోండి. వచ్చే పాఠంలో రెండో ఫైలు మీదే కింది దవడ కోత గీసి, నరం దారిని గుర్తిస్తాం.