హైదరాబాద్‌లో కోట గోడలు చూడాలంటే చప్పట్ల దగ్గర ఆగిపోకండి

గోల్కొండ వెళ్తారు, టికెట్ కొంటారు, బాలాహిస్సార్ దర్వాజా కింద చప్పట్లు కొట్టి పైకి వినపడిందో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు, మెట్లెక్కి ఫోటోలు దిగి ఇంటికి వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ అసలు కోట గోడ ఆ టికెట్ కౌంటర్‌కి చాలా ముందే, మీ ఆటో దూరి వచ్చిన దర్వాజా దగ్గరే మొదలైపోయింది. దాన్ని చూడ్డానికి పైసా కూడా కట్టక్కర్లేదు.

ముందు ఒక సంగతి తెలిస్తే ఈ తిరుగుడంతా అర్థవంతంగా ఉంటుంది. 1591లో కులీ కుతుబ్ షా హైదరాబాద్ కట్టించినప్పుడు ఊరికి గోడే లేదు, ఆపదొస్తే పరుగెత్తడానికి గోల్కొండ ఉంది కదా అన్న ధీమా. 1685లో మొగలుల సైన్యం వచ్చినప్పుడు జరిగింది కూడా అదే, తానీషా కోటలోకి వెళ్లిపోయాడు, ఊరు మాత్రం దోపిడీకి దొరికిపోయింది. ఆ తర్వాత 1687లో అదే సైన్యానికి గోల్కొండ మాత్రం ఎనిమిది నెలలు పట్టింది, అదీ లోపలివాడే ఒకడు తలుపు తీస్తే. ఊరికి గోడ ఆ తర్వాతెప్పుడో వచ్చింది: మొగలుల తరఫున ఇక్కడ పాలించిన సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టాడు, 1724లో నిజాంతో యుద్ధంలో అతను చనిపోయాక మొదటి నిజాం కాలంలో పూర్తయింది. అంటే ఊరి గోడ 18వ శతాబ్దానిది, కోట గోడ అంతకంటే చాలా పాతది. రెండూ ఒకే రోజు చూడండి, అప్పుడే తేడా తెలుస్తుంది.

పొద్దున్నే దబీర్‌పురా దర్వాజాతో మొదలుపెట్టండి. ఎనిమిదింటి తర్వాత వెళ్తే ట్రాఫిక్‌లో తల ఎత్తి చూసే వీలు కూడా ఉండదు. ఊరి దర్వాజాల్లో మిగిలినవి ఇదీ, పురానాపూల్ దర్వాజా, రెండే. మిగతావి 1908 మూసీ వరదకు కొంత, ఆ తర్వాత రోడ్ల కోసం కొంత పోయాయి. లాల్ దర్వాజా, అలియాబాద్, యాకుత్‌పురా, గౌలిపురా అని మనం రోజూ బస్సు కండక్టర్‌కి చెప్పే పేర్లన్నీ ఆ పోయిన దర్వాజాలవే. పురానాపూల్ దగ్గర దర్వాజా ఒక్కటే చూసి వచ్చేయకండి, పక్కన వంతెన మీదికి కూడా నడవండి, అది 1578 నాటిది, ఊరి కంటే ముందు పుట్టింది.

అక్కణ్ణుంచి కార్వాన్, లంగర్‌హౌజ్ మీదుగా గోల్కొండకు వెళ్లండి, పాతకాలంలో ఊరి నుంచి కోటకు వెళ్లిన దారి దాదాపు ఇదే. ఫతే దర్వాజా రాగానే ఆటో దిగిపోండి. ఫతే అంటే విజయం, మొగలులు గెలిచి కోటలోకి వచ్చింది ఇటునుంచే కాబట్టి ఆ పేరు. తలుపు మీద ఇనుప మేకులు చూడండి, ఏనుగు వచ్చి తలతో గుద్దితే దానికే దిగబడాలని పెట్టారు. గోడలో రాళ్లు కూడా దగ్గరగా చూడండి, కొన్నిటి ముందు మనిషి చిన్నగా కనిపిస్తాడు. ఈ మధ్య సిమెంట్‌తో పూడ్చిన చోట్లు బూడిద రంగులో నున్నగా ఉంటాయి, పాత డంగు సున్నం పెళుసుగా, తెల్లగా ఉంటుంది, కాస్త చూస్తే పిల్లలు కూడా గుర్తుపట్టేస్తారు.

బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ ఉంటుంది, జనం దాని పక్కనుంచే నడిచిపోతారు గానీ ఎవరూ ఆగరు. నాకైతే కోట మొత్తంలో ఇష్టమైనది ఇదే. ఏనుగుకి తలుపు బద్దలు కొట్టాలంటే కాస్త దూరం నుంచి పరుగెత్తి రావాలి, ఈ గోడ ఆ దూరాన్నే లేకుండా చేసింది, నేరుగా రాలేదు, పక్కకు తిరగాలి, తిరిగేటప్పుడు పైనుంచి సైనికులు ఊరుకుంటారా! కట్టినవాడి బుర్ర ఎలా పనిచేసిందో చూడాలంటే ఇక్కడ ఓ పది నిమిషాలు నిలబడండి. చప్పట్లు కూడా కొట్టండి, కాదనను.

టైముంటే నయా ఖిలా, అంటే కోటకు తర్వాత కలిపిన కొత్త భాగం వైపు వెళ్లండి. 1656లో ఔరంగజేబు ఇంకా యువరాజుగా ఉండి దాడి చేసినప్పుడు, బయట ఉన్న ఎత్తు శత్రువు ఫిరంగులకు పనికొస్తుందని అర్థమై, ఆ తర్వాత దాన్ని కూడా గోడలోపలికి తెచ్చుకున్నారు. అక్కడే హతియాన్ కా ఝాడ్ అనే లావుపాటి బావోబాబ్ చెట్టు ఉంది. లోపల గోల్ఫ్ మైదానం కాబట్టి ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వకపోవచ్చు, గేటు దగ్గర మర్యాదగా అడగండి. తిరిగి వచ్చేటప్పుడు బంజారా దర్వాజా నుంచి బయటికొస్తే కుతుబ్‌షాహీ సమాధులు దగ్గరే.

బురుజుల మీదికి ఎక్కొద్దు. రాళ్లు కదులుతుంటాయి, గడ్డిలో పాములుంటాయి. చుట్టుపక్కల ఆర్మీ స్థలం కూడా ఉంది, బోర్డు కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టేయండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఎండ భరించగలం. ఆషాఢంలో మాత్రం గురువారాలు, ఆదివారాలు గోడలు చూద్దామని వెళ్లకండి, గోల్కొండ బోనాలు ఉంటాయి, వెళ్తే బోనాలకే వెళ్లండి.