సైనికుడూ పాస్టరూ అయిన వ్యక్తికి సంస్మరణ రాయడం ఎలా

అమెరికాలో బాప్టిస్టు సంఘాలకు కాపరులుగా ఉండి ప్రభువునందు నిద్రించినవారిలో, యౌవనంలో యుద్ధానికి వెళ్ళి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అలాంటి వ్యక్తికి సంస్మరణ రాసే బాధ్యత సాధారణంగా ఆయన కూతురి మీదో మనుమడి మీదో, కాకపోతే నాలుగు వాక్యాలు చక్కగా రాయగలరని సంఘంలో పేరున్నవారి మీదో పడుతుంది. కలం పట్టగానే పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలోని "మంచి పోరాటము పోరాడితిని" అన్న వచనం గుర్తుకు వస్తుంది; యుద్ధం, పరిచర్య రెండూ ఆ ఒక్క మాటలో ఒదిగిపోయినట్లు తోస్తుంది. ఆ వచనాన్ని భూస్థాపన కూడికలో తప్పక చదవండి, కానీ వ్యాసాన్ని దాని మీద నిలబెట్టకండి. తుపాకి పట్టిన రెండు మూడేళ్ళకూ, వాక్యం చెప్పిన నలభై ఏళ్ళకూ ఆధారాలు వేరు, సాక్షులు వేరు. వాటిని విడివిడిగా సేకరించి, ఒకదాని నుండి మరొకదానికి ఆయన ఎలా వచ్చారో ఆధారం దొరికినంత మేరకే చెప్పాలి.

సైనిక జీవితంతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఆ కాగితాలు చేతికి రావడానికే ఎక్కువ కాలం పడుతుంది. 1950 నుండి వాడుకలో ఉన్న విడుదల పత్రాన్ని డీడీ 214 అంటారు. సైన్యంలో చేరిన తేదీ, విడుదలైన తేదీ, హోదా, చేసిన పని, పొందిన పతకాలు అందులో ఉంటాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారి పత్రాల పేరు వేరైనా, వివరాలు ఇంచుమించు ఇవే. ముందు ఇంట్లోని పెట్టెలు, పాత బైబిలు పేజీల మధ్య దాచిన కాగితాలు చూడండి. ఆ తరువాత ఆయన యుద్ధం నుండి తిరిగివచ్చి స్థిరపడిన కౌంటీ (మన జిల్లా లాంటి విభాగం) కార్యాలయంలో అడగండి. విడుదల పత్రాన్ని అక్కడ నమోదు చేయించుకున్న సైనికులు చాలామందే ఉన్నారు. రెండుచోట్లా దొరకకపోతే సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి ఎస్ఎఫ్ 180 అనే దరఖాస్తు పంపాలి. మరణించిన సైనికుని విషయంలో పునర్వివాహం చేసుకోని భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అడగవచ్చు. ఆయన సేవ నుండి వైదొలగి 62 సంవత్సరాలు దాటితే ఆ ఫైలు ఎవరికైనా అందుబాటులోకి వస్తుంది.

అక్కడి నుండి "ఫైలు లేదు" అని జవాబు వస్తే నిరాశపడవద్దు, ఆయన చెప్పినదాన్ని అనుమానించవద్దు. 1973 జూలై 12న ఆ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 1.6 కోట్ల నుండి 1.8 కోట్ల ఫైళ్ళు బూడిదయ్యాయి. 1912 నవంబరు 1కీ 1960 జనవరి 1కీ మధ్య పదాతి దళాలతో కూడిన భూసైన్యం నుండి విడుదలైనవారి ఫైళ్ళలో దాదాపు 80 శాతం అలా పోయాయి. వాటికి నకళ్ళు లేవు. అంటే రెండవ ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధం రెండూ ఆ మంటలో చిక్కుకున్నాయన్నమాట. అయితే దళాల రోజువారీ నివేదికలు, జీతాల రసీదులు మిగిలి ఉన్నందున, ఆయన పనిచేసిన కంపెనీ పేరు, ఉజ్జాయింపు తేదీలు తెలిస్తే సేవా వివరాలను చాలావరకు తిరిగి కూర్చవచ్చు.

పతకాల దగ్గర కుటుంబాలు తరచుగా పొరబడతాయి. యుద్ధరంగ రిబ్బను మీద కుట్టే చిన్న కంచు నక్షత్రం వేరు, బ్రాంజ్ స్టార్ అనే పతకం వేరు: మొదటిది ఒక దండయాత్రలో పాల్గొన్నందుకు, రెండవది ధైర్యానికి లేదా ప్రశంసనీయ సేవకు. ధైర్యానికి ఇచ్చిన పతకమైతే దాని మీద "వి" అక్షరం ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పదాతి పోరాట బిళ్ళ పొందినవారికి 1947 నాటి నిర్ణయం ప్రకారం తరువాత బ్రాంజ్ స్టార్ కూడా లభించింది కనుక, ఆ పతకం వెనుక ఒక సాహసగాథ తప్పక ఉందని ఊహించి రాయకూడదు. అలాగే ఆయన చాప్లిన్‌గా, అంటే సైన్యంలోని మతబోధకునిగా వెళ్ళారా, సాధారణ సైనికునిగా వెళ్ళారా అన్నది పత్రం చూసి తేల్చుకోండి. చాప్లిన్లు ఆయుధం పట్టరు. తరువాతి కాలంలో పాస్టరు అయ్యారు కాబట్టి యుద్ధంలోనూ ప్రార్థనలు నడిపి ఉంటారని రాసేస్తే, రైఫిల్ పట్టుకుని కందకంలో ఉన్న పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు చరిత్రలో లేకుండా పోతాడు.

ప్రసంగాల్లో చెప్పిన యుద్ధ కథల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. ఫిలడెల్ఫియాలో బాప్టిస్టు సంఘకాపరిగా, టెంపుల్ విశ్వవిద్యాలయ స్థాపకునిగా ప్రసిద్ధులైన రస్సెల్ కాన్వెల్ అంతర్యుద్ధంలో మాసచూసెట్స్ దళంలో కెప్టెన్. తన ఖడ్గాన్ని కాపాడబోయి జానీ రింగ్ అనే బాలుడు ప్రాణాలు విడిచాడనీ, ఆ మరణమే తన జీవితాన్ని మార్చిందనీ ఆయన చెబుతూ వచ్చారు. సైనిక రికార్డుల్లో మాత్రం విధిస్థానాన్ని విడిచి వెళ్ళారన్న అభియోగంపై 1864లో ఆయనపై జరిగిన సైనిక విచారణ కనిపిస్తుంది. ఖడ్గం కథను సందేహించిన చరిత్రకారులూ ఉన్నారు. మీ పాస్టరు గారి విషయంలో ఇంత చిక్కు ఉండకపోవచ్చు. అయినా వేదిక మీద ఏళ్ళ తరబడి చెప్పిన కథ చెప్పేకొద్దీ నునుపు దేరుతుందన్నది ప్రసంగాలు విన్న ఎవరికైనా తెలిసినదే. దానిని తీసివేయనక్కరలేదు, "ఆయన తరచుగా ఇలా చెప్పేవారు" అని ఆయన నోటి మాటగానే రాస్తే సత్యానికీ ఆయనకూ ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఇక పరిచర్య. బాప్టిస్టులలో ప్రతి స్థానిక సంఘం స్వతంత్రం. పై నుండి పాస్టరును నియమించే బిషప్పు ఉండరు. అభ్యర్థిని పరీక్షించి అభిషేకించేది స్థానిక సంఘమే, ఓటు వేసి పాస్టరుగా పిలుచుకునేదీ సంఘమే. అందువల్ల ఒకచోట అడిగితే మొత్తం వివరాలు ఇచ్చే కేంద్ర కార్యాలయం ఉండదు. ఆయన పనిచేసిన ప్రతి సంఘానికీ విడిగా రాసి, ఆయనను పిలిచిన తీర్మానం, రాజీనామా తేదీ ఉన్న సమావేశ మినిట్సు అడగాలి. చుట్టుపక్కల సంఘాలు కలిసి నడుపుకునే అసోసియేషన్లు అచ్చువేసిన వార్షిక నివేదికలు ఇంకా విలువైనవి: ఏ సంవత్సరంలో ఏ సంఘానికి ఎవరు పాస్టరు, ఆ ఏడాది ఎందరు బాప్తిస్మం పొందారు, సభ్యులెందరు అన్నవి అంకెలతో సహా వాటిలో ఉంటాయి. దక్షిణ బాప్టిస్టుల పత్రాలు నాష్‌విల్‌లోని వారి చారిత్రక గ్రంథాలయంలోనూ, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలోని వారి చారిత్రక సొసైటీలోనూ ఉన్నాయి. మన నెల్లూరు, ఒంగోలు మిషన్లను నడిపిన విదేశీ మిషన్ సంఘం కాగితాలు ఉన్నది కూడా ఆ అట్లాంటా భాండాగారంలోనే. ఆయన ఏ బాప్టిస్టు వర్గానికి చెందినవారో ముందే తెలుసుకోకపోతే తప్పు తలుపు తట్టినట్లవుతుంది.

ఒక చిన్న హెచ్చరిక: పుట్టిన తేదీ కోసం బాప్తిస్మపు రిజిస్టరు వెదకకండి. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నవారినే నీటిలో ముంచుతారు. కాబట్టి ఆ తేదీ ఆయన జననాన్ని కాదు, ఆయన స్వయంగా తీసుకున్న నిర్ణయాన్ని చెబుతుంది, సంస్మరణలో దానికి ప్రత్యేక స్థానం ఇవ్వాలి. అది యుద్ధానికి ముందా, తరువాతా అన్నది గమనించండి. తరువాతే అని అందరూ ఊహిస్తారు. చాలాసార్లు అది పన్నెండో పదమూడో ఏట జరిగి ఉంటుంది.

ఈ రెండు జీవితాలు కలిసే చోటే అసలు కష్టం. యుద్ధం ఆయనను దేవుని వైపు తిప్పిందని ఒక్క వాక్యంలో తేల్చాలని చేయి ఉబలాటపడుతుంది. పౌరహక్కుల నాయకుడూ బాప్టిస్టు పాస్టరూ అయిన బెంజమిన్ హుక్స్ జీవితం చూడండి. 1925లో మెంఫిస్‌లో పుట్టిన ఆయన రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీ యుద్ధఖైదీలకు కాపలా కాశారు. నల్లజాతివాడైన తనను లోపలికి రానివ్వని హోటళ్ళలో ఆ ఖైదీలు కూర్చుని తినగలిగేవారు. ఆ అవమానం తరువాత ఆయన నేరుగా ప్రసంగ వేదిక ఎక్కలేదు. తన రాష్ట్రంలో నల్లవారికి ప్రవేశం లేనందున చికాగో వెళ్ళి న్యాయశాస్త్రం చదివి, వకీలుగా పనిచేసి, 1956లో గానీ పాస్టరుగా అభిషేకం పొందలేదు. ఖైదీలూ హోటలూ ఉన్న ఆ ఒక్క దృశ్యం, ఆ తరువాతి పదేళ్ళ దారి, రెండూ పక్కపక్కన పెడితే పాఠకుడికి సంబంధం తనంతట తానే కనిపిస్తుంది. మీ పాస్టరు గారు కూడా సైనికుల విద్యా సహాయానికి 1944లో వచ్చిన జీఐ చట్టం ఆసరాతో పాస్టర్లను తయారుచేసే సెమినరీలో చేరారేమో కనుక్కోండి; యుద్ధానికీ పరిచర్యకూ మధ్య కాగితం మీద దొరికే వంతెన అదే కావచ్చు.

కుటుంబాన్ని అడిగేటప్పుడు "యుద్ధం గురించి ఏం చెప్పేవారు" అన్న ప్రశ్నకు "ఏమీ చెప్పేవారు కాదు" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. అప్పుడు ప్రశ్న మార్చండి. ఏ రోజున మౌనంగా ఉండేవారు, సైన్యం నాటి స్నేహితులలో ఎవరికి ఉత్తరాలు రాసేవారు, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళినప్పుడు ఎంతసేపు కూర్చునేవారు అని అడగండి. ఆయన భార్యను, డీకన్లను, తమవారిని ఆయన చేతులమీదుగా సమాధి చేయించుకున్న కుటుంబాలవారిని వేరువేరుగా కలవండి. ఆయన చెప్పదలచుకోనిది ఆయన పోయాక మనం పూరించకూడదు. మౌనాన్ని మౌనమనే రాయాలి.

కూడికలో చదివే వ్యాసం రెండు పేజీలు దాటకూడదు. పదవుల జాబితాను కార్యక్రమ పత్రం వెనుక వేయించి, చదివే భాగంలో మూడు నాలుగు సంఘటనలు మాత్రమే ఉంచండి. కుటుంబం కోరితే అర్హత గల మాజీ సైనికునికి కనీసం ఇద్దరు సైనికులు వచ్చి, జెండా మడిచి కుటుంబానికి అందించి, ట్యాప్స్ అనే బాకా రాగం వినిపించే గౌరవం 2000 నుండి చట్టప్రకారం లభిస్తోంది. అంత్యక్రియలు నిర్వహించేవారికి డీడీ 214 ఇస్తే వారే ఏర్పాటు చేస్తారు. జెండాలోని పదమూడు మడతలకు చదివే అర్థాలు అధికారికమైనవి కావు కనుక, వాటిని చదివించాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. జెండా అందించిన తరువాత ఇంకెవరూ ప్రసంగించకుండా, వాక్యమూ ప్రార్థనా అంతకుముందే ముగిసేలా వరుస కుదుర్చుకోండి.

కూడిక ముగిశాక వ్యాసాన్ని తేదీలతో మరోసారి సరిచూసి, ఒక ప్రతి ఆయన చివరిగా కాపరిగా ఉన్న సంఘానికి, ఒకటి పైన చెప్పిన భాండాగారాల్లో తగినదానికి, విడుదల పత్రం నకలుతో కలిపి ఒకటి ఇంటిలోని అతి చిన్న మనుమరాలి పేర పెట్టెలోకి పంపండి. విడుదల పత్రం నకలు మీద సామాజిక భద్రతా సంఖ్య ఉంటే ముందుగా దానిని నల్ల సిరాతో కొట్టివేయండి.