ఉప్పునీటి ట్యాంకు మీద జిడ్డు పొర: నాకు పనిచేసింది ఇది

బరంపురంలో చేపల కోసం ఉప్పునీటి ట్యాంకు పెట్టిన మనవాళ్లు, నీటి మీద జిడ్డు పొర ఎలా పోగొట్టాలని తరచూ అడుగుతున్నారని రాస్తున్నాను. నాది మూడడుగుల ట్యాంకు, దాని అంచుకు తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సు; అది పైనీటిని కింది తొట్టిలోకి దింపుతుంది, అక్కడి పంపు తిరిగి పైకి పంపుతుంది. నీటి మీద జిడ్డు పొర కట్టి, బుడగలు పగలకుండా నిలిచిపోయేవి.

మేత తగ్గించాను, నీళ్లు మార్చాను, కాగితం పరిచి పొర తీశాను; సాయంత్రానికి మళ్లీ అంతే.

ఒకరోజు టార్చి వేసి చూస్తే ట్యాంకు లోపలి వైపు బాక్సులో నీళ్లు దాదాపు ట్యాంకు నీటి మట్టానికే ఉన్నాయి. బాక్సు అంచున దువ్వెనలా ఉండే పళ్ల మీదుగా నీళ్లు దూకడమే లేదు. ఆ బాక్సు నుంచి ట్యాంకు బయటి బాక్సుకు నీళ్లు లాగే రెండు యూ ఆకారపు గొట్టాల వంపుల్లోనూ బొటనవేలంత గాలి చేరి ఉంది.

ముందు పంపు ఆపాను. గొట్టాల లోపలి జిగురును సీసాలు కడిగే బ్రష్‌తో, పళ్లలోని నాచును పాత టూత్‌బ్రష్‌తో తోమాను. తర్వాత ఒక్క గొట్టమే నీళ్లతో నింపి, రెండు చివరలూ వేళ్లతో మూసి తిరిగి పెట్టాను. నీళ్లన్నీ ఒకదానిలోంచే వెళ్తే వడి పెరిగి బుడగలు కొట్టుకుపోతాయి. పంపు వేయగానే లోపలి మట్టం రెండు వేళ్లు దిగింది, పళ్ల మీదుగా పల్చని నీటి తెర జారింది. చివరగా పంపు నీళ్లు ట్యాంకులోకి వచ్చే మూతిని, అంటే రిటర్న్ నాజిల్‌ను కొంచెం పైకెత్తి, అలలు బాక్సు వైపు వెళ్లేలా తిప్పాను. తెల్లారేసరికి పొర లేదు.

మీ పంపు పెద్దదైతే ఒక్క గొట్టం చాలకపోవచ్చు, మొదటి గంట పక్కనే ఉండండి. సైఫన్ (గొట్టంలో నీళ్లు వాటంతటవే లాగబడే ధార) తెగినా ట్యాంకు పొంగకుండా, కింది తొట్టిలో పంపు ఉన్న అరలో నీళ్లు తక్కువే ఉంచండి. కరెంటు పోయి వచ్చినట్టు పంపు ఆపి, వేసి చూడండి. నేను మూడుసార్లు చూశాకే నిద్రపోయాను.