పరిశోధన, ఆట, పాఠం: మూడింటినీ ఒకే వృత్తిగా మలచుకోవడం ఎలా?

సమాజశాస్త్ర పరిశోధన, ఆటల రూపకల్పన, బోధన కలగలిసిన ఉద్యోగానికి ప్రకటన వెలువడడం అరుదు కాబట్టి, జీతానికి బోధనను ఆధారం చేసుకొని తక్కిన రెండింటినీ దాని చుట్టూ అల్లుకోవడం మేలు. సమాజశాస్త్రం ఎం.ఏ.లో 55 శాతం మార్కులతో యూజీసీ నెట్ గానీ రాష్ట్ర స్థాయి సెట్ గానీ ఉత్తీర్ణులైనవారు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆటల పనిని మాత్రం ఉద్యోగం వచ్చేదాకా వాయిదా వేయకూడదు.

ఈ దారిలో ముందే నడిచినవారున్నారు. భూమి అద్దె కొద్దిమంది చేతుల్లో ఎలా పోగుపడుతుందో చూపడానికి అమెరికాలో ఎలిజబెత్ మాగీ రూపొందించి 1904లో పేటెంట్ పొందిన ఆటే తరువాతి మోనోపలీకి మూలం. విలియం గామ్సన్ అనే సమాజశాస్త్రవేత్త 1960లలో తరగతి గది కోసమే ‘సిమ్‌సాక్’ అనే ఆటను తయారుచేశారు. మన వైకుంఠపాళి కూడా పాఠం చెప్పేదే అయినా, అందులో ఆటగాడు నిర్ణయించుకునేది ఏమీ లేదు, అంతా గవ్వల దయ. సమాజాన్ని చూపే ఆటలో నిర్ణయం ఆటగాడిది, దానికి హద్దులు గీసే నియమం ఇతరులది కావాలి.

అందుచేత కథకంటే ముందు నియమాన్ని వెతకాలి. ఉదాహరణకు కౌలు రైతులతో మాట్లాడి రాసుకున్న నోట్సులో ‘అది కుదరదండీ’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఒక నియమం దాగి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు ఇచ్చే 11 నెలల సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం అవసరం. దీన్ని ఆటలోకి తెస్తే, కౌలుదారు పాత్రధారి బ్యాంకు రుణం తీసుకోవడానికి పక్కనున్న యజమాని పాత్రధారి సంతకం అడగాలి. భూమి చేజారుతుందేమోనన్న భయాన్ని యజమాని పాత్రధారి చీటీలో రాసి ఉంచితే, ఎవరూ చెప్పకుండానే అతడు వెనకాడతాడు. దుర్మార్గుడెవడూ లేకుండానే రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లక తప్పని పరిస్థితి విద్యార్థి కళ్ల ముందే ఏర్పడుతుంది.

నమూనాకు అట్టముక్కలు, చింతపిక్కలు చాలు, కంప్యూటరు తర్వాత. బెంగళూరులోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ ఉంది గానీ, మొదటి ఆటకు అది తప్పనిసరి కాదు. యాభై నిమిషాల పీరియడ్‌లో ఆటకు సగమే కేటాయించి, మిగిలిన సమయం చర్చకు ఉంచాలి. చర్చలో ముందుగా ఓడినవారిని అడగడం మంచిది, ఎందుకంటే గెలిచినవారికి నియమాలు సాధారణంగా న్యాయంగానే తోస్తాయి. ఏ విద్యార్థికీ తన సొంత కులాన్ని పాత్రగా ఇవ్వకూడదు. చర్చలోని మాటలను పరిశోధనకు వాడదలిస్తే విద్యార్థుల సమ్మతి, సంస్థ నైతిక సంఘం అనుమతి ముందే తీసుకోవాలి.

చివరగా, నియమాల పుస్తకాన్ని మరో అధ్యాపకుడి చేతికిచ్చి మీరు గది బయటే ఉండండి. మిమ్మల్ని పిలవకుండా ఆట, చర్చ పూర్తయితేనే దాన్ని దరఖాస్తుతో జతచేయవచ్చు.